రెండో చప్పట

మా బడిలో సంగీతం కూడా ఒక సబ్జెక్టే. లెక్కలెలాగో అదీ అలాగే. వారానికి ఆరు పీరియడ్లు, హోంవర్కు, పరీక్షలు, ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు. అయిదొస్తే ఇంట్లో పిల్లని నెత్తిన పెట్టుకుంటారు. రెండొస్తే తల్లులు నా మీదికి పోట్లాటకొస్తారు. లెక్కల మాస్టారు స్టాఫ్ రూములో నేను కనపడినప్పుడల్లా "ఏమ్మా ఎమొకె, ఇవాళ ఎన్ని కూనిరాగాలు దిద్దావేంటి?" అని వెక్కిరించేవాడు. "నీ లెక్కలు బడి వదిలిన మర్నాడే మరిచిపోతారు నాయనా, నేను నేర్పిన పాట చచ్చినా వదలదు" అనేదాన్ని. నా నోరు మంచిది కాదని ఊళ్ళో పేరుందిలెండి. కానీ ఆ ఒక్కమాట అనకుండా ఉండాల్సింది.

తిసా ఏటి ఒడ్డున చిన్న ఊరు మాది. బడిలో మూడో అంతస్తు చివరి గది నాది. ఒక పియానో, ఇరవై ఆరు కుర్చీలు, మూలన పచ్చ పెంకుల పొయ్యి, అయిదేసి గీతలు గీసి ఉంచిన నల్లబల్ల. చలికాలం వస్తే ఆ గదికో వాసనుండేది. తడిసిన ఉన్ని కోట్లు, నేలకి పట్టించిన నూనె, పిల్లలు బల్లల కింద దాచుకుని తినే పందికొవ్వు రాసిన రొట్టె, పచ్చి ఉల్లిపాయ. ముప్పై ఏళ్ళు ఆ వాసనలోనే బతికాను. ఇప్పుడు రిటైరయ్యాను. ఇది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నమ్మితే నమ్మండి, లేకపోతే ముసలిదాని చాదస్తం అనుకోండి.

పిల్లలకి చెవి కుదరడానికి మా దగ్గర అందరు టీచర్లూ ఆడించే ఆట ఒకటుంది. మా పిల్లలు దాన్ని దాగుడుపాట అనేవాళ్ళు. అందరూ కలిసి పాడుతుంటారు. టీచర్ ఒక చప్పట కొడుతుంది. టక్కున నోళ్ళు మూతపడాలి. పాట మాత్రం ఆగకూడదు. మనసులోనే అదే శ్రుతిలో, అదే నడకలో సాగుతుండాలి. టీచర్ రెండో చప్పట కొట్టగానే అందరూ ఒక్కసారి బయటికి రావాలి, పాట ఆ సరికి ఎక్కడిదాకా వచ్చిందో సరిగ్గా అక్కడ. మొదట్లో ఒకడు ముందొస్తాడు, ఒకత్తి వెనకొస్తుంది, గదంతా నవ్వులు. నెల తిరిగేసరికి ఇరవై ఆరు గొంతులూ ఒక్క గొంతులా బయటపడతాయి. అప్పుడు నాకు ఒళ్ళు పులకరించేది.

నాకు ఈ ఆట నేర్పిన పాత టీచరమ్మ ఒక మాట చెప్పేది. "ఏమే ఎమొకె, గది తగలబడిపోతున్నా సరే, రెండో చప్పట కొట్టాకే బయటికి పరుగెత్తు. పాటని లోపల వదిలేసి మాత్రం పోకు." నేను నవ్వేసేదాన్ని. పెద్దవాళ్ళకి ఏవో పట్టింపులుంటాయి కదా అనుకున్నాను.

ఇల్కా ఆ రోజుల్లో రెండో సంవత్సరం పిల్ల, ఇద్దరు అక్కచెల్లెళ్ళలో పెద్దది. పదిహేనేళ్ళు. తండ్రి వీళ్ళని వదిలేసి వేరే ఊళ్ళో ఇంకో కాపురం పెట్టుకున్నాడు. తల్లి ఆరాంకా రొట్టెల బట్టీలో పని. ఆరాంకా కూడా ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లే, ఇదే గదిలో, కిటికీ పక్క కుర్చీలో. ఇల్కాది కింది శ్రుతి గొంతు, ముదురు తేనెలా ఉండేది. ఒక్కటే లోపం, 'ర' తిరిగేది కాదు. గొంతులో ఎక్కడో గరగరలాడేది. పిల్లలు "ఏమే, గొంతులో కప్పని పెంచుతున్నావా?" అని ఏడిపిస్తే, అది ఇంకా నాలుగు 'ర'లున్న మాటలు వెతికి మరీ చెప్పేది. అలాంటి పిల్ల. చెప్పిన మాట వినే పిల్ల. నేను కూర్చోమంటే కూర్చునేది, ఆగమంటే ఆగేది.

ఫిబ్రవరిలో ఒకరోజు, మూడో పీరియడ్. ఇక్కడి పిల్లలందరికీ వచ్చిన పాతపాట ఒకటి పాడిస్తున్నాను. నాలుగు ముక్కలే. చివరి ముక్క అయ్యాక మళ్ళీ మొదటిది ఎత్తుకోవచ్చు, అలా ఎంతసేపైనా తిరుగుతూనే ఉంటుంది.

ఏటి అవతల లాంతరుంది,
ఎవరు వెలిగించారే చెల్లీ?
ఎవరూ కాదు, ఎవరూ కాదు,
నీ కోసమే, నేనే చెల్లీ.

రెండో ముక్క చివర చప్పట కొట్టాను. పాట లోపలికెళ్ళింది. గదంతా నిశ్శబ్దం, పొయ్యిలో కట్టెల చిటపట తప్ప. అప్పుడే తలుపు తోసుకుని ఆఫీసు గుమాస్తా మతిల్డ్ వచ్చింది. "ఇల్కా ఉందా? వాళ్ళమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కడుపునొప్పట, ఆపరేషనంటున్నారు. పిల్లని రమ్మంటోంది."

ఇల్కా లేచింది. మొహం పాలిపోయింది. కానీ పెదాలు ఇంకా చిన్నగా కదులుతున్నాయి, లోపల పాట సాగుతోంది. అది నా మొహం చూడలేదు. నా చేతులవంక చూసింది. రెండో చప్పట కోసం.

"వెళ్ళు తల్లీ, వెళ్ళు. పాట సంగతి తర్వాత చూద్దాం" అన్నాను.

అది వెళ్ళిపోయింది. పిల్లలు గుసగుసలు మొదలెట్టారు. నేనూ ఆరాంకా గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఇంతలో గంట కొట్టారు. నేను చప్పట కొట్టనే లేదు.

ఆసుపత్రి ఏటికి అవతల ఉంది. వంతెన మీంచి వెళ్తే ముప్పావు గంట. ఏరు గడ్డకడితే ఊళ్ళో అందరూ మంచు మీంచే అడ్డంగా నడుస్తారు, మా అవ్వల కాలం నుంచీ. ఇల్కా కూడా అలాగే నడిచింది. అవతలి గట్టు ఇరవై అడుగులుందనగా మంచు విరిగింది. గట్టు మీదున్న జాలరి చూశాడు. పరుగెత్తేసరికి నల్లటి గుంట తప్ప ఏమీ లేదట. ఆరాంకా ఆపరేషన్ బాగానే అయింది. మత్తు వదలగానే "పెద్దది వచ్చిందా?" అని అడిగిందట. మార్చిలో మంచు కరిగాక, ఏటి దిగువన మూడు మలుపుల అవతల పిల్ల దొరికింది.

శ్మశానంలో పిల్లలంతా పాడారు. శ్రుతి ఇవ్వాల్సింది నేను. ఇవ్వలేదు.

ఆ తర్వాత మూడేళ్ళు దాగుడుపాట ఆడించలేదు. ఇన్‌స్పెక్టరొచ్చి అడిగితే గొంతు బాగాలేదన్నాను. ఆ ఆటకి గొంతుతో పనేంటి? అతను వింతగా చూసి రాసుకుపోయాడు.

మూడో ఏడు సెప్టెంబర్లో ఆరాంకా చిన్నకూతురు నా క్లాసులో చేరింది. పేరు బొరోకా. పద్నాలుగేళ్ళు. అక్కలా కాదు, పీలగా, కళ్ళు పెద్దవి. గొంతు సన్నం, పైశ్రుతి, గాజుగ్లాసు అంచు మీద వేలు రాసినట్టుండేది. 'ర' చక్కగా పలికేది. అప్పటికింకా ఎన్నో కుర్చీలు ఖాళీగా ఉన్నా, నేరుగా వెళ్ళి అక్క కుర్చీలోనే కూర్చుంది. ఎవరు చెప్పారో తెలీదు. నేను అడగలేదు.

నవంబర్ చివర్లో విని రాసే పరీక్ష పెట్టాను. నేను పియానో మీద వాయిస్తాను, పిల్లలు విన్నది విన్నట్టు స్వరాలు రాయాలి. రెండే రెండు ముక్కలు వాయించాను, నేను అప్పటికప్పుడు కట్టినవి. పుస్తకాలు ఇంటికి తెచ్చుకుని టీ తాగుతూ దిద్దడం మొదలెట్టాను. మొదటి పిల్లవాడు మూడు ముక్కలు రాశాడు. వెధవ, పక్కవాణ్ణి చూసి ఏదో గిలికాడనుకుని ఎర్రసిరాతో కొట్టేశాను. రెండో పుస్తకంలో మూడు ముక్కలు. మూడో దాంట్లోనూ మూడే. ఇరవై ఆరు పుస్తకాలు. ఇరవై ఆరింటిలోనూ నేను వాయించని ముక్క ఒకటుంది. ఒక్క స్వరం తేడా లేదు. వేలితో బల్ల మీద తాళం వేసుకుని చిన్నగా పాడి చూశాను.

ఎవరూ కాదు... ఎవరూ కాదు...

టీ చల్లారిపోయింది. మిగతాది తాగలేదు.

మర్నాడు పిల్లల్ని అడిగాను. "ఒరేయ్, నేనెన్ని ముక్కలు వాయించానురా?"

"మూడు టీచర్."

"మూడోది పియానో మీదే వాయించానా?"

ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ముందు కుర్చీలో కూచునే గడుగ్గాయి "లేదు టీచర్, మూడోది పాడారు కదా మీరు. కిందిశ్రుతిలో. జలుబు చేసినట్టుంది మీకు" అంది. అందరూ నవ్వారు. బొరోకా నవ్వలేదు.

ఆ వారంలోనే గురువారం, బృందగానం ప్రాక్టీసయ్యాక అందరూ వెళ్ళిపోయారు. డిసెంబరు మొదటివారం. సాయంత్రం నాలుగున్నరకే చీకటి చిక్కబడింది. బయట మంచు పడుతోంది. మంచు పడేటప్పుడు ఊరికి చెవుడొచ్చినట్టుంటుంది, బండి చప్పుడు కూడా వినపడదు. నేను పియానో మూత వేస్తుంటే బొరోకా తలుపు దగ్గర నుంచుని ఉంది, కోటు వేసుకోకుండా.

"ఏమే, ఇంటికెళ్ళవా? మీ అమ్మ ఎదురుచూస్తుంది."

"టీచర్, మీరు చప్పట కొట్టలేదట."

పియానో మూత సగంలోనే వదిలేశాను. "ఎవరే చెప్పింది?"

"ఎవరూ చెప్పలేదు. వింటున్నాగా." ఆ పిల్ల ఏడవడంలేదు, భయపడడంలేదు. లెక్కలో తప్పు చూపించినట్టు మాట్లాడుతోంది. "క్లాసంతా ఊరుకున్నప్పుడు వినిపిస్తుంది. అక్క పాడుతూనే ఉంది. నాలుగు ముక్కలూ అయ్యాక మళ్ళీ మొదట్నుంచి. మళ్ళీ. మూడేళ్ళనుంచీ ఆపలేదు టీచర్. మీరు చెప్పలేదుగా, అందుకే రాలేదు. మా అక్క మాట వినే పిల్ల."

నేను కుర్చీలో కూలబడ్డాను. ఎక్కడా చెప్పుకోని ఏడుపు, మూడేళ్ళ ఏడుపు, ఆ పిల్ల ముందే ఏడ్చాను. అది వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. పద్నాలుగేళ్ళ పిల్ల నన్ను ఓదారుస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇప్పుడు కొట్టండి టీచర్" అంది.

కొట్టాను. ఖాళీ గదిలో చప్పట తుపాకీ పేలినట్టు మోగింది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. ఏమీ లేదు.

"రాదు" అంది బొరోకా. "బయటికి రావాలంటే గొంతుండాలి కదా. నేను పాడతాను. మీరు నన్ను లోపలికి పంపండి. అక్కని కలుసుకుంటాను. రెండో చప్పట కొట్టండి, ఇద్దరం కలిసి వచ్చేస్తాం."

"వద్దే తల్లీ. అది చచ్చిపోయింది. పోయినవాళ్ళతో ఆటలేంటి?"

"అక్క చచ్చిపోయినట్టు అక్కకి తెలీదు టీచర్. పాట మధ్యలో ఉంది." అప్పుడు మొదటిసారి ఆ పిల్ల గొంతు వణికింది. "అమ్మ రోజూ రాత్రి అక్క మంచం మీద దుప్పటి సర్దుతుంది. నేను పక్కమంచంలో ఉంటాను. నాకేసి చూడదు. అక్క వచ్చి ఒక్కసారి పాట ముగించి పోతే... అమ్మ నిద్రపోతుందేమో."

ఆ మాటకి నేను లొంగిపోయాను. కాదనాల్సింది. చెవి పట్టుకుని ఇంటికి లాక్కెళ్ళాల్సింది. కానీ నాకూ కావాలి అది. మూడేళ్ళనుంచీ ఇల్కా చూపు నా చేతుల మీదే ఉంది. పాపం దించుకోవాలని నాకూ ఆశ. అసలు నిజం అదే, ఇంకొకటి చెప్తే అబద్ధం.

శ్రుతి ఫోర్కు బల్లకి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను. చిన్నగా అందించాను. బొరోకా అక్క కుర్చీ పక్కన నిటారుగా నిలబడి మొదలెట్టింది.

"ఏటి అవతల లాంతరుంది... ఎవరు వెలిగించారే చెల్లీ..."

చప్పట కొట్టాను.

నిశ్శబ్దం. ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. పెదాలు చిన్నగా కదులుతున్నాయి. నేను వేలితో బల్ల మీద తాళం వేస్తున్నాను. మూడో ముక్క. నాలుగో ముక్క. మళ్ళీ మొదటిది... కొంచెం లోపలికి వెళ్ళనిద్దామని ఆగాను. కిటికీ అద్దాల మీద లోపలి వైపు చెమ్మ పట్టింది. పొయ్యి మండుతూనే ఉంది. కానీ గది చల్లబడింది. నూనె వాసన పోయింది. ఏటి బురద వాసన... చలికాలం మంచుకి కన్నం పెట్టి చేపలు పట్టేటప్పుడు పైకొచ్చే వాసన.

అప్పుడు విన్నాను.

చెవితో విన్నది కాదు. నాది ముప్పై ఏళ్ళ శిక్షణ ఉన్న చెవి, మోసపోదు. గదిలో చప్పుడు లేదు. అయినా పాట ఉంది. రెండు గొంతులు. ఒకటి సన్నం. ఒకటి కిందిది, ముదురు తేనెలాంటిది. ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నట్టు... ముందు కొంచెం ఎడం. తర్వాత దగ్గరగా. తర్వాత ఒక్కటిగా.

కలిశారు. నా కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. ఇంక చాలు అనుకున్నాను. రెండో ముక్క చివర, సరిగ్గా అక్కడ, రెండో చప్పట కొట్టాను.

బొరోకా నోరు తెరిచింది.

"ఎవరూ కాదు... ఎవరూ కాదు..."

ఒక్క గొంతే. కిందిశ్రుతి. 'ర' గొంతులో గరగరలాడింది.

"నీ కోసమే, నేనే చెల్లీ." పాట ముగిసింది. ఆ పిల్ల కళ్ళు తెరిచి నావంక చూసింది. కళ్ళు బొరోకావే. చూపు కాదు.

"టీచర్, సరిగ్గానే వచ్చానా?"

నేను తల ఊపాను. ఇంకేం చెయ్యగలను?

"మరి నేను వెళ్తాను టీచర్. ఆసుపత్రికి వెళ్ళాలి. అమ్మకెలా ఉందో ఏంటో."

తలుపు తీసుకుని మెట్లు దిగి పరుగు తీసింది. కోటు లేదు. నాకు అర్థమయ్యేసరికి అది రెండో అంతస్తులో ఉంది. ఏటికి! అడ్డదారిన! ఆ ఏడు అప్పటికి అంచులే గడ్డకట్టాయి, నడుమ ఏరు నల్లగా పారుతూనే ఉంది. "ఇల్కా! ఆగవే! ఇల్కా!" అని అరుస్తూ దిగాను. ఏ పేరు పెట్టి అరుస్తున్నానో కూడా తెలీలేదు. మంచులో జారి మోకాలు పగిలింది. గేటు దగ్గర అందుకున్నాను. దాని మణికట్టు ఏటిలోంచి తీసిన రాయిలా ఉంది.

"మీ అమ్మ ఇంట్లోనే ఉందే. తగ్గిపోయింది. ఇంటికొచ్చేసింది."

"నిజంగానా టీచర్?" ఎంత సంబరమో దాని మొహంలో. నా కోటు దానికి కప్పి, చెయ్యి వదలకుండా నడిపించుకెళ్ళాను. దారంతా కబుర్లే. లెక్కల పరీక్షలో మూడొచ్చిందట. అమ్మకి చెప్పొద్దట. చెల్లికి పుట్టినరోజుకి చేతి తొడుగులు అల్లుతోందట, ఒకటయింది, ఇంకొకటి బొటనవేలి దగ్గర ఆగిపోయిందట. నేను ఊఁ కొడుతున్నాను.

ఆరాంకా తలుపు తీసింది. బట్టీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, చేతులకి పిండి అంటుకుని ఉంది. పిల్ల వెళ్ళి వాటేసుకుంది. "అమ్మా, తగ్గిందా? నొప్పి పోయిందా? నేను తొందరగానే బయల్దేరానమ్మా, దారిలో ఎక్కడో ఆలస్యమయింది."

ఆరాంకా చేతులు గాలిలో ఆగిపోయాయి. తర్వాత మెల్లగా పిల్ల వీపు మీద వాలాయి. దాని జుట్టులో మొహం పెట్టి వాసన చూసింది. భుజం మీంచి నావంక చూసిన చూపు... నేను తల దించుకున్నాను.

పిల్లని పొయ్యి పక్కన కూర్చోబెట్టి, వేడి సూప్ గిన్నె ముందు పెట్టి, పెద్ద రొట్టెముక్క కోసిచ్చింది. తర్వాత బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. మంచు మా ఇద్దరి మీదా పడుతోంది.

"దాగుడుపాట ఆడించారా?" అంది గుసగుసగా. తనూ నా దగ్గర ఆడిన పిల్లేగా.

"ఆడించాను."

"పెద్దది వచ్చింది టీచర్."

"అవును ఆరాంకా."

"చిన్నది ఏది?"

ఆరాంకా నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా. "దీన్ని మళ్ళీ పంపించమని నేనడగను. నోరెట్లా వస్తుంది టీచర్, కడుపుచించుకు పుట్టిందే కదా, మూడేళ్ళు దీనికోసమే ఏడ్చాను కదా. కానీ... ఆ చిన్నది ఎప్పుడూ ఏదీ అడగలేదు నన్ను. దాని మొహం సరిగ్గా చూసి ఎన్నాళ్ళయిందో కూడా నాకు గుర్తులేదు. దాన్ని అక్కడ వదిలెయ్యకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

లోపల్నుంచి "అమ్మా, ఇంకో గరిటె వెయ్యవా?" అని వినిపించింది, గరగరలాడే 'ర'తో. ఆరాంకా ఏప్రన్ అంచుతో మొహం తుడుచుకుని, నవ్వు తెచ్చిపెట్టుకుని, లోపలికి వెళ్ళింది.

నేను బడికి పరుగెత్తాను. కుంటుకుంటూ. ఆరున్నరయి ఉంటుంది. కాపలా ముసలాయన దగ్గర తాళాలు తీసుకుని పైకెక్కాను. మెట్ల మీద ఒకటే అనుకున్నాను. గొంతు కావాలంటే నా గొంతుంది. యాభై ఏళ్ళు దాటినదాన్ని, నాకు వెనకాముందూ ఎవరూ లేరు. నేను లోపలికి వెళ్తాను, పిల్ల నా నోట్లోంచి బయటికి వస్తుంది. ముసలి ఒంట్లో పద్నాలుగేళ్ళ పిల్ల ఎలా బతుకుతుందో అప్పుడు ఆలోచించలేదు. తల్లి దగ్గర ఉంటే చాలు కదా అనుకున్నాను.

దీపం వెయ్యలేదు. పొయ్యిలో నిప్పు ఆరుతోంది. గది మధ్యలో నిలబడి శ్రుతి అందుకున్నాను. నా ముసలి గొంతు వణికింది. "ఏటి అవతల లాంతరుంది... ఎవరు వెలిగించారే చెల్లీ..." నా చప్పట నేనే కొట్టుకున్నాను. నోరు మూశాను. పాటని లోపల సాగనిచ్చాను.

మొదట నా పాటే. తర్వాత, ఎక్కడో దూరంగా... సన్నటి గొంతు. గాజు గొంతు. ఒక్కతే. ఏడుస్తూ పాడుతోంది. ముక్కు ఎగబీల్చుకుంటోంది, అయినా ఒక్క స్వరం తప్పడంలేదు. బొరోకా. నా బంగారుతల్లి. నేను దాని వైపు నడిచాను, పాటతోనే నడిచాను, మూడో ముక్క, నాలుగో ముక్క, దగ్గరయ్యాను, ఇంకా దగ్గర... దాని ఊపిరి నా ఊపిరికి అందుతోంది. ఇదిగో, ఇక్కడ. చేతులెత్తి బలంగా రెండో చప్పట కొట్టాను.

నా నోరు తెరుచుకోలేదు.

లోపల పాట ఆగింది. బొరోకా కూడా చప్పట విన్నట్టుంది, బయటికి రాబోతున్నట్టు గుక్క తిప్పుకుంది. అంతలో ఆ పిల్ల పక్కనుంచి ఇంకో గొంతు, మెత్తగా, ఓపికగా, పిల్లల్ని దిద్దే అలవాటున్న గొంతు, అంది...

"ఊహూఁ. ఇంకా కుదరలేదమ్మా. మళ్ళీ ఎత్తుకో."

ఆ గొంతు నాది, నేను లోపలికి పంపిన నా గొంతే. చీకట్లో చేత్తో తడుముకుని చూసుకున్నాను. నా పెదాలు గట్టిగా మూసి ఉన్నాయి.

"సరే టీచర్" అంది బొరోకా.